హామ్‌స్టర్‌కు నీటి లోపల ఇల్లు కట్టవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ముందుగా చెబుతాను. విజయవాడలోని మీ ఇంట్లో నాలుగు అడుగుల చేపల తొట్టి ఉంది. దాని లోపల 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 28 ఎత్తు ఉన్న యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) పెట్టెను నీటిలో ముంచి అమర్చి, పైకి రెండు గొట్టాలు తీసి, ఒక దానికి ఎయిర్ పంపు తగిలించి, అందులో మీ సిరియన్ హామ్‌స్టర్‌ను, అంటే ఎలుక లాంటి ఆ చిన్న పెంపుడు జంతువును, ఉంచాలనుకుంటున్నారు. చేపల మధ్య హామ్‌స్టర్ తిరుగుతుంటే పిల్లలు చూసి సంతోషిస్తారన్నది ఒక కారణం, చుట్టూ నీళ్లుంటే వేసవిలో దానికి చల్లగా ఉంటుందన్నది రెండో కారణం. యాక్రిలిక్ ఎంత మందం ఉండాలి, ఏ జిగురు వాడాలి, ఎంత పంపు సరిపోతుంది అని అడిగారు.

చాలా ఏళ్లుగా గాజు తొట్లు స్వయంగా అతికించుకుంటూ, హామ్‌స్టర్లను కూడా పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను. పెట్టె కట్టవచ్చు, కానీ అందులో హామ్‌స్టర్‌ను ఉంచకూడదు. కొలతలతో సహా ఇంత ఆలోచించినవారికి "పాపం, వద్దు" అనే ఒక్క మాట సరిపోదు కాబట్టి కారణాలను లెక్కలతోనే వివరిస్తాను. మీ రెండు కోరికలూ తీరే మరో అమరిక ఉంది, దాన్ని ఆ తరువాత చెబుతాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960ల మధ్యలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధకుడు వాల్టర్ రాబ్, సిలికాన్ రబ్బరుతో చేసిన అతి పలుచని పొరను గోడలుగా అమర్చిన పెట్టెలో ఒక హామ్‌స్టర్‌ను ఉంచి, ఆ పెట్టెను చేపలున్న నీటి తొట్టిలో ముంచి చూపించారు. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ పొర గుండా లోపలికి వచ్చింది, జంతువు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయింది. ఆ ప్రదర్శన ఛాయాచిత్రం ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది, దాన్ని చూసినవారికి మీకు వచ్చిన ఊహే వస్తుంది. కాలం కూడా అలాంటిదే. 1962లో ఫ్రెంచ్ సముద్ర పరిశోధకుడు జాక్వెస్ కూస్తో బృందం మార్సెయ్ సమీపంలో, 1963లో సూడాన్ తీరాన ఎర్ర సముద్రంలో మనుషులు నివసించే నీటి అడుగు ఇళ్లు కట్టింది. 1964లో అమెరికా నౌకాదళం బెర్ముడా దగ్గర సుమారు 58 మీటర్ల లోతున సీల్యాబ్ అనే అలాంటి ఇంటినే దింపింది. అయితే రాబ్ ప్రదర్శించినది పొర సామర్థ్యాన్ని మాత్రమే. ఆ తరహా సిలికాన్ పొరలు ఆ తరువాత శస్త్రచికిత్సల్లో రక్తానికి ఆక్సిజన్ అందించే యంత్రాల్లో ఎంతో ఉపయోగపడ్డాయి. హామ్‌స్టర్ అందులో కాపురం ఉండాలని ఆయన ఆ పెట్టె చేయలేదు.

మీ తొట్టిలో ఆ పద్ధతి ఎందుకు నడవదో చూడండి. 120 గ్రాముల హామ్‌స్టర్ ఊరికే కూర్చున్నా గంటకు దాదాపు 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది, వ్యాయామ చక్రంలో పరుగెత్తేటప్పుడు అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా కావాలి. 200 మిల్లీలీటర్లంటే బరువులో సుమారు 260 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల దగ్గర గాలితో బాగా కలిసిన మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైగా ఆక్సిజన్ ఉంటుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అంటే గంటకు 32, 33 లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను ఒక్క చుక్క మిగల్చకుండా పిండుకోవాలి. పెట్టె పోగా మీ తొట్టిలో మిగిలేది 190 లీటర్లు. కొత్త గాలి కలవకపోతే ఆరు గంటల లోపే అందులోని ఆక్సిజన్ మొత్తం ఒక్క హామ్‌స్టర్‌కే ఖర్చైపోతుంది, చేపలకు ఏమీ మిగలదు. ఇది కాక, అంత పలుచని పొర నీటి ఒత్తిడిని తనంతట తాను మోయలేదు, హామ్‌స్టర్ పళ్లకు అసలే ఆగదు. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. నీటి లోతులో పెట్టెలోని గాలి మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి నైట్రోజన్ కూడా మెల్లగా నీటిలోకి కరిగిపోతూ ఉంటుంది. నీటి అడుగున గాలి బుడగలో నివసించే నీటి సాలీడు కూడా ఈ కారణం చేతనే మళ్లీ మళ్లీ పైకి వచ్చి కొత్త గాలి తీసుకుపోవలసి వస్తుంది.

మీరు ఎంచుకున్నది పంపు పద్ధతి కాబట్టి దాని సంగతికి వస్తాను. మీ పెట్టె ఘనపరిమాణం 50 లీటర్లు. పంపు ఆగిందనుకోండి. అందరూ ఆక్సిజన్ అయిపోతుందని భయపడతారు, కానీ అంతకంటే చాలా ముందే కార్బన్ డయాక్సైడ్ ప్రమాదం తెస్తుంది. హామ్‌స్టర్ గంటకు 170 నుంచి 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బయటి గాలిలో దాని వాటా 0.04 శాతం. మీ పెట్టెలో సుమారు మూడు గంటల్లో అది ఒక శాతానికి, ఎనిమిది తొమ్మిది గంటల్లో మూడు శాతానికి చేరుతుంది. పరుపుగా వేసిన పొట్టు గాలి చోటును ఆక్రమించడం వల్ల, రాత్రిపూట జంతువు చురుగ్గా తిరగడం వల్ల ఈ గడువు ఇంకా కుదించుకుపోతుంది. ఇంట్లో అందరూ నిద్రపోయాక కరెంటు పోయి తెల్లవారి వస్తే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. ఇన్వర్టర్ ఉందని మీరు అనవచ్చు. పంపులోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చినిగినా, గొట్టం మడతపడినా, ప్లగ్గు వదులైనా ఇన్వర్టర్ చేయగలిగింది ఏమీ లేదు. 1969 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరంలో సీల్యాబ్ మూడో ప్రయోగం జరుగుతుండగా బెరీ కానన్ అనే నిపుణుడైన డైవరు మరణించారు. ఆయన శ్వాస పరికరంలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే రసాయనం ఉండవలసిన డబ్బా ఖాళీగా ఉందని విచారణలో తేలింది. ఒక దేశపు నౌకాదళం, అంత శిక్షణ, అంత పర్యవేక్షణ ఉన్నచోట జరిగిన సంగతి ఇది.

"హామ్‌స్టర్ సహజంగా బొరియలో ఉండే జంతువే కదా, మూసిన చోటు దానికి అలవాటే కదా" అని మీరు రాసిన వాక్యానికి ప్రత్యేకంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలామందిలో ఉంది. సిరియాలోని అలెప్పో పరిసరాల్లో అడవి హామ్‌స్టర్ల బొరియలు సగటున అరవై అయిదు సెంటీమీటర్ల లోతు ఉంటాయి, కొన్ని మీటరు కూడా దాటుతాయి. మనం పెంచుకునే సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త అదే అలెప్పో దగ్గర పొలంలో తవ్వి తీసిన ఒక తల్లీ పిల్లల సంతానమే కాబట్టి వాటి ఒంటికి తెలిసినది ఆ నేలే. ఆ నేల ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల సందుల గుండా కార్బన్ డయాక్సైడ్ నిరంతరం బయటికి, ఆక్సిజన్ లోపలికి నడుస్తూ ఉంటాయి, తేమను పొడి మట్టి తాగేస్తుంది. యాక్రిలిక్‌కు ఆ గుణం లేదు. బొరియ జీవితం ఈ జంతువుకు ఇచ్చిన మరొక లక్షణం ఇక్కడ దానికే శత్రువవుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఎలుక ఎంత వేగంగా ఊపిరి తీయడం మొదలుపెడుతుందో హామ్‌స్టర్ అంతగా తీయదు. ఇబ్బంది పడుతున్న గుర్తులు ఆలస్యంగా కనిపిస్తాయి కాబట్టి, గాజు బయట కూర్చుని గమనిస్తూ ఉంటాను అనే భరోసా పనిచేయదు.

పంపు సక్రమంగా నడిచినా ఇంకో సమస్య తీరదు, అది తేమ. కార్బన్ డయాక్సైడ్‌ను 0.1 శాతం పెరుగుదలకు మించకుండా ఉంచాలంటే గంటకు 200 లీటర్ల గాలి, అంటే నిమిషానికి మూడు లీటర్లకు పైగా కావాలి. మామూలు అక్వేరియం పంపులు కాగితం మీద ఆ మాత్రం ఇస్తాయి. అయితే హామ్‌స్టర్ రోజుకు 100 గ్రాముల శరీర బరువుకు దాదాపు 10 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది, ఆ నీరంతా ఊపిరిగానో మూత్రంగానో పెట్టెలోకే వస్తుంది. 25 డిగ్రీల దగ్గర 50 లీటర్ల గాలి పట్టగలిగే ఆవిరి ఒక గ్రాము చిల్లర మాత్రమే. మే నెలలో కృష్ణా తీరపు గాలి అసలే తేమతో నిండి ఉంటుంది, దాన్నే మీ పంపు లోపలికి తోస్తుంది. గోడలు నీటికి ఆనుకుని ఉండడంతో గది గాలి కంటే కాస్త చల్లగా ఉన్నా చాలు, లోపలివైపు చెమ్మ పట్టి కారుతుంది. పొట్టు తడుస్తుంది, మూత్రం నుంచి అమ్మోనియా లేస్తుంది, బూజు పడుతుంది. ఎడారి అంచున పుట్టి, ఇసుకలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకునే జంతువు ఊపిరితిత్తులకూ చర్మానికీ ఇంతకంటే చెడ్డ చోటు ఉండదు. తడి, మురికి, భయం కలిసిన పరిస్థితుల్లో పేగుల జబ్బులు కూడా సులభంగా అంటుకుంటాయి, పిల్ల హామ్‌స్టర్లలో అవి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తాయి.

యాక్రిలిక్ మందం గురించి అడిగారు కాబట్టి బలాల లెక్క కూడా చెబుతాను. నీటిలో ప్రతి సెంటీమీటరు లోతుకు ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక గ్రాము బరువు పడుతుంది. మీ పెట్టె కప్పు నీటి మట్టానికి 8 సెంటీమీటర్ల కింద ఉంటే దాని మీద 14 కిలోలకు పైగా బరువు కిందికి నొక్కుతుంది, 36 సెంటీమీటర్ల లోతున ఉన్న అడుగు పలకను దాదాపు 65 కిలోల బలం పైకి నెడుతుంది. ఈ రెంటి తేడా 50 కిలోలు, అంటే పెట్టె తొలగించిన నీటి బరువు. ఆరు మిల్లీమీటర్ల యాక్రిలిక్, పొట్టు, చక్రం అన్నీ కలిపి పది కిలోలు అనుకున్నా ఇంకా 40 కిలోల తేలే బలం మిగులుతుంది. గ్రానైట్ రాయి ఒక కిలో నీటిలో 620 గ్రాముల బరువే చూపిస్తుంది కాబట్టి ఆ పెట్టెను అడుగున పట్టి ఉంచడానికి 65 కిలోల రాయి కావాలి. అంత రాయిని చేపల తొట్టి అడుగు గాజు మీద పెట్టమని నేను ఎవరికీ చెప్పను. రాయికి బదులు పైనుంచి చట్రంతో అదిమి పెడితే ఆ బలమంతా తొట్టి అంచుల సిలికాన్ అతుకుల మీద పడుతుంది, ఆ అతుకులు తయారైంది నీటి ఒత్తిడిని పక్కలకు ఆపడానికే. ఇక అతుకు ఎక్కడైనా విడిపోతే, 30 సెంటీమీటర్ల లోతున మిల్లీమీటరు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల పొడవు ఉన్న చీలిక చాలు, ఐదారు నిమిషాల్లో పెట్టె సగం నిండుతుంది. హామ్‌స్టర్‌కు బయటపడే దారి ఉండదు. మూత తెరవాలంటే మీరు ముందు ఆ రాళ్లన్నీ తీయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన అభ్యంతరం పరిమాణానిది. హామ్‌స్టర్ ఇల్లు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలని జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘం చెబుతుంది, అనుభవంలో నేనూ దానికి తగ్గించి చెప్పలేను. అందులో కనీసం ఒక పక్కన 25 సెంటీమీటర్ల మందం తవ్వుకునే పొట్టు, వీపు వంగకుండా పరుగెత్తడానికి 28 సెంటీమీటర్లకు తగ్గని చక్రం ఉండాలి. మీ పెట్టె ఎత్తే 28 సెంటీమీటర్లు, చక్రం పెడితే పొట్టుకు చోటు లేదు, పొట్టు వేస్తే చక్రానికి చోటు లేదు. సరైన కొలతతో పెట్టె చేస్తే దాని ఘనపరిమాణం 250 లీటర్లు, అది నీటిలో 250 కిలోల బలంతో పైకి లేస్తుంది, దాన్ని ముంచే తొట్టి ఇంట్లో పట్టదు. ఇంట్లో కట్టగలిగినంత చిన్న పెట్టె హామ్‌స్టర్‌కు చాలదు, హామ్‌స్టర్‌కు చాలినంత పెద్ద పెట్టె ఇంట్లో కట్టలేము. ఈ చిక్కుకు మంచి జిగురులో గానీ మంచి పంపులో గానీ పరిష్కారం లేదు. మన దేశంలో 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కూడా, జంతువు తగినంతగా కదలడానికి వీలులేని పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పంజరంలో దాన్ని ఉంచడాన్ని నేరంగానే చెబుతుంది.

ఇప్పుడు మీరు చేయగలిగిన అమరిక చెబుతాను. నీటిని హామ్‌స్టర్ చుట్టూ పెట్టవద్దు, చూసేవారికీ హామ్‌స్టర్‌కూ మధ్య పెట్టండి. ముందు నుంచి వెనక్కి 30 సెంటీమీటర్లు, పొడవు 120, ఎత్తు 45 ఉండే సన్నని చేపల తొట్టిని ముందు వరుసలో పెట్టి, దాని వెనక అరచేయంత ఖాళీ వదిలి, 120 పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు గల హామ్‌స్టర్ ఇంటిని గాజు ముఖంతో, జాలీ మూతతో వేరే బల్ల మీద అమర్చండి. చేపల తొట్టి వెనక గాజుకు బొమ్మల కాగితం అంటించకండి. ఎదురుగా సోఫాలో కూర్చున్నవారికి చేపలు హామ్‌స్టర్ ముందు నుంచి ఈదుతూ పోతున్నట్టు కనిపిస్తుంది. నీటి వక్రీభవనం వల్ల వెనక ఉన్నది ఏడెనిమిది సెంటీమీటర్లు ముందుకు జరిగినట్టు కూడా అనిపించి, అది నీటిలోనే ఉందన్న భ్రమ బాగా కుదురుతుంది. నా దృష్టిలో మునిగిన పెట్టె కంటే ఇదే అందంగా ఉంటుంది, ఎందుకంటే చెమ్మ పట్టిన యాక్రిలిక్ గుండా ఏదీ స్పష్టంగా కనిపించదు.

ఈ అమరికలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. రెండు బల్లలూ తగలకూడదు. పంపు కంపనం చెక్క గుండా పాకుతుంది, హామ్‌స్టర్లు మనకు వినపడని హెచ్చు స్థాయి శబ్దాలను కూడా వింటాయి, కాబట్టి పంపును బల్ల మీద కాక గోడకు స్పాంజి ముక్కతో వేలాడదీయండి. చేపల తొట్టికి మూత గట్టిగా ఉండాలి, ఎందుకంటే తప్పించుకున్న హామ్‌స్టర్ ఎత్తులు ఎక్కుతుంది, నీటిలో పడితే జారుడు గాజు ఎక్కి బయటికి రాలేదు. నీళ్లు, గాజు కలిపి ముందు తొట్టి 200 కిలోల దాకా తూగుతుంది, దాన్ని వీలైతే దూలం ఉన్నచోట పెట్టండి. హామ్‌స్టర్ తరచుగా గాజుకు ఆనించే సొరంగం తవ్వుకుంటుంది, పిల్లలకు అది పెద్ద వింత. చూడని వేళల్లో ఆ భాగానికి నల్లని గుడ్డ కప్పితే దానికి నిశ్చింతగా ఉంటుంది. ఒక హామ్‌స్టర్ ఇంట్లో ఒక్కదాన్నే ఉంచండి, పెద్దవైన సిరియన్ హామ్‌స్టర్లు జతగా ఉంటే చంపుకునేదాకా పోట్లాడుకుంటాయి.

పెట్టె కట్టాలన్న మీ ఉత్సాహాన్ని వదులుకోమని కూడా నేను అనను. ప్రాణి లేకుండా కట్టండి. లోపల ఒక మట్టి హామ్‌స్టర్ బొమ్మ, ఒక తేమ మీటరు, ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి, చిన్న గిన్నెలో ఒక గ్రాము తినే సోడాను సరిపడా వెనిగర్‌తో కలిపి మూత బిగించండి. దాదాపు 290 మిల్లీలీటర్ల వాయువు వెలువడుతుంది, అది హామ్‌స్టర్ గంటన్నర ఊపిరికి సమానం. మీటరు అంకె ఎంతకు పోయిందో, పంపు వేస్తే ఎంతసేపటికి దిగిందో పిల్లలు పుస్తకంలో రాసుకుంటే బడిలో చూపించదగిన మంచి ప్రయోగమవుతుంది.

చివరగా వేసవి చల్లదనం. మూసిన గదిలో నిలవ ఉన్న నీరు రెండు మూడు రోజుల్లో గది వేడికే చేరుతుంది కాబట్టి మే నెలలో మీ తొట్టి నీరు 32, 33 డిగ్రీలు ఉంటుంది. హామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు, 30 దాటితే ప్రమాదం మొదలవుతుంది. దానికి మనలా చెమట పట్టదు, తేమ నిండిన గాలిలో ఒంటి వేడిని వదిలించుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. అందుచేత నీటి కూలర్ కూడా మీ ఊళ్లో అంతగా మేలు చేయదు. హామ్‌స్టర్ ఇంటిని ఎండ తగలని ఉత్తరపు గోడకు చేర్చి, మధ్యాహ్నం ఏసీ 25, 26 దగ్గర నడిపే గదిలో ఉంచడమే ఉత్తమం. అది వీలుకానప్పుడు మందపాటి గ్రానైట్ లేదా పాలరాతి పలకను ఫ్రిజ్‌లో చల్లబరచి తుడిచి లోపల పెట్టండి. నోరు వెడల్పైన పొడి మట్టి కుండను పక్కకు వాల్చి పొట్టులో సగం పాతితే పగలంతా అందులోనే పడుకుంటుంది. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి గాజుకు బయటివైపు ఆనించండి, లోపల పెడితే అది కొరుకుతుంది, తడి కూడా చేస్తుంది. హామ్‌స్టర్ వాలిపోయి, చొంగ కారుస్తూ, ముట్టుకున్నా లేవకుండా ఉంటే అది వడదెబ్బ. వెంటనే చల్లని గదిలోకి మార్చి, మామూలు నీటిలో తడిపి పిండిన గుడ్డను ఒంటి మీద వేసి, నీటిలో ముంచకుండా, చిన్న జంతువులను చూసే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. వణుకుతూ చల్లగా ముడుచుకుని ఉంటే మాత్రం అది వేరే సమస్య, ఏసీ గాలి నేరుగా తగులుతోందేమో చూడండి.

చేపల తొట్టి దీపాన్ని సాయంత్రం ఏడింటికల్లా ఆర్పేయండి. హామ్‌స్టర్ లేచేది చీకటి పడ్డాకే, వెనక హామ్‌స్టర్ ఇంటి దగ్గర ఒక మసక ఎర్ర దీపం ఉంచితే పిల్లలు నిద్రపోయేలోపు దాని తిరుగుడు, దాని ముందు చేపల నీడలు రెండూ చూడగలుగుతారు.